నడిచిపోయిన గుంతలు

1959లో నేను అనంతపురంలో గార్డెన్ ఓవర్‌సీర్‌గా పనిచేస్తూ ఉండేవాణ్ణి. ఆ పేరు విని, పార్కులో పూలమడులకు నీళ్ళు పట్టించే ఉద్యోగం అనుకునేవారు చాలామంది. మా అత్తగారు కూడా అలాగే అనుకునేది. అసలు పని వేరు. రోడ్ల పక్కన ఎక్కడ ఏ చెట్టు రావాలో కొలిచి, గుంతలు తీయించి, మొక్క నాటించి, అది తన కాళ్ళమీద నిలబడేదాకా మేకల నుంచి, ఎండ నుంచి, మనుషుల నుంచి కాపాడడం.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగిలిన చదువంతా గ్రంథాలయంలోనే. పని అయిపోగానే సైకిలు నేరుగా అక్కడికే పోయేది. తెలుగు పుస్తకాలు అయిపోయాక, పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు మొదలుపెట్టాను. ఊళ్ళలో చెట్ల పెంపకం గురించి ఒక లావు పుస్తకం అక్కడ దొరికింది. దాని వెనక అట్టకు అంటించిన కాగితం మీద ఒక్క తేదీ ముద్ర కూడా లేదు. మా ఊళ్ళో దాన్ని విప్పిన మొదటి మనిషిని నేనే అని ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. అందులో ఒక మాట నా మనసుకు పట్టింది. వీధిలో చెట్టు బతకాలంటే ముందు ఆ వీధివాళ్ళను అడగాలి, వాళ్ళు ఒప్పుకుని నాటించుకున్న చెట్టును వాళ్ళే కాపాడుకుంటారు అని.

ఆ మాట పట్టడానికి కారణం ఉంది. అంతకుముందు ఏడు ఎవర్నీ అడక్కుండా నాటిన మొక్కలు దాదాపు అన్నీ పోయాయి. ట్రీ గార్డ్ అంటే మొక్క చుట్టూ పెట్టే కంచె. ఇనుపవి మాకు రావు కాబట్టి తుమ్మకంపతో కట్టేవాళ్ళం. ఆ కంప పొయ్యిలోకి పోయింది, మొక్కలు మేకల కడుపులోకి పోయాయి. మా ఆఫీసరు విసిగిపోయి, ఈసారి నీ పుస్తకం ప్రకారమే చెయ్యి చూద్దాం అన్నారు.

నాకిచ్చిన చోటు బుక్కరాయసముద్రం పోయే దారిలో కొత్తగా లేచిన ఎక్స్‌టెన్షన్. ఊరు పాత హద్దు దాటి పెరిగితే ఆ భాగాన్ని ఎక్స్‌టెన్షన్ అనేవాళ్ళం. ఎర్రమట్టి, గులకరాళ్ళు, ఒకే కొలత ప్లాట్లలో ఒకే తీరు ఇళ్ళు. పడమర చూసే వరుసలో మధ్యాహ్నం దాటితే అరుగు మీద చెయ్యి ఆనించలేం. నీడ కావాలంటే ముందు ఆ వరుసకే కావాలి. మొక్కలు పెంచే నర్సరీ నుంచి ఇంటికొక మొక్క లెక్కన కేటాయించారు. సెప్టెంబరులో ఉత్తర కార్తె వానల్లో నాటేయాలి. అప్పటికి గుంతలు సిద్ధం కాకపోతే ఆ మొక్కలు వేరే వార్డుకు పోతాయి. ఏడాదికి మాకు వచ్చే వాన ఆ కార్తెలోనే.

వీధి ఎగువ చివర మొదటి ఇల్లు వార్డు మెంబరు చిన్నపరెడ్డిది. ఆయనే ఒక ఆదివారం పొద్దున తన అరుగు మీద మీటింగు పెట్టించాడు. ఇంటికొక మగమనిషి వచ్చాడు. ఆడవాళ్ళు తలుపుల వెనక నిలబడి విన్నారు. నేను పుస్తకంలో చదివింది చెప్పి, వేప, కానుగ, చింత, రావి, మీకు ఏ చెట్టు కావాలి అని అడిగాను. వేప అయితే అమ్మవారని పసుపు పూస్తారు, రేపు కొమ్మ కొట్టడానికి కూడా జంకుతారు అన్నారు. చింత, రావి వద్దే వద్దన్నారు. కానుగకు అందరూ తలలూపారు. మేక ముట్టదు, నీళ్ళు తక్కువ తాగుతుంది, నీడ చిక్కగా ఉంటుంది. నేను లోలోపల ఎంత మురిసిపోయానో చెప్పలేను. పుస్తకంలో రాసినట్టే జరుగుతోంది.

ఆ రాత్రి కూర్చుని ప్లాన్ గీశాను. మా పనిలో అలైన్‌మెంట్ అనే మాట ఒకటి ఉంది. చెట్లన్నీ ఒకే గీత మీద, ఒకే ఎడంతో ఉండేలా చూడడం. ప్లాట్లన్నీ ఒకే వెడల్పు కాబట్టి ప్రతి ఇంటికీ సరిగ్గా మధ్యలో ఒక చెట్టు పడింది. కాగితం మీద అది పూసలదండలా కనిపించింది. మర్నాడు సున్నంతో గుర్తులు పెట్టించి, గడ్డపారలతో గుంతలు మొదలుపెట్టించాను. ఆ నేలలో గుంత తీయడమంటే మాటలు కాదు. గడ్డపార దిగితే నిప్పు రవ్వలు లేస్తాయి.

మూడో నాడు వెళ్ళి చూస్తే చిన్నపరెడ్డి ఇంటి ముందు గుంత లేదు. పూడ్చి, చదును చేసి, పైన పేడనీళ్ళు కూడా చల్లి ఉంది. దానికి దిగువగా, పక్కింటి హద్దులో ఇంకో గుంత ఉంది. మా కూలీలు తీసినదానికంటే అది బాగుంది. అంచులు చెక్కినట్టున్నాయి, పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క వేరుచేసి పోసి ఉంది. అలా పోయాలని మీటింగులో చెప్పింది నేనే.

మర్నాటికి ఆ పక్కింటి ముందున్న గుంతలు కూడా దిగువకు జరిగాయి. ఆ తర్వాత మూడో ఇంటివి. మేం మళ్ళీ పాత చోటనే తవ్వించాం. మళ్ళీ జరిగాయి. వీధిలో గుంతలు ఊరేగింపు పోతున్నట్టు ఒక్కో ఇల్లూ దాటుకుంటూ దిగువకు పోతున్నాయి. ఎగువకు మాత్రం ఒక్కటీ పోలేదు.

ఎవర్ని అడిగినా మాకు తెలియదన్నారు. తెలియదంటూనే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. చెట్టు పెద్దదైతే మంచం ఎటు వాల్చుకోవాలో కూడా మాట్లాడుకున్నారు. నాకు మతి పోయింది. చెట్టు వద్దనుకునేవాడు గుంత పూడుస్తాడు, సరే. వద్దనుకునేవాడు అంత గట్టి నేలలో చెమటోడ్చి అంతకంటే మంచి గుంత ఎందుకు తవ్వుతాడు? కావాలనుకునేవాడు ఉన్నదాన్ని ఎందుకు పూడుస్తాడు?

గ్రంథాలయానికి పరిగెత్తాను. లావు పుస్తకం మొదటినుంచి చివరిదాకా మళ్ళీ తిరగేశాను. చెదలు, చవుడు, నీటి ఎద్దడి, పోకిరీలు మొక్కలు విరిచేయడం, అన్నిటికీ అధ్యాయాలున్నాయి. గుంత నడవడం గురించి ఒక్క వాక్యం లేదు. చదివినకొద్దీ నా అయోమయం పెరిగింది.

చివరికి రెండో ఇంటి నాగలక్షుమ్మ దగ్గర కూర్చున్నాను. పెద్దావిడ. మా అమ్మ వయసు. వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నేనూ చేతులు కలిపి ఒలుస్తూ, అవ్వా, నా ఉద్యోగానికి ముప్పు వచ్చేలా ఉంది, నిజం చెప్పు అన్నాను.

"నువ్వు చదువుకున్నోడివి కదా నాయనా," అంది. "వాకిలికి సరిగ్గా ఎదురుగా చెట్టు నాటుతారా యాడన్నా? ఇంట్లోకి వచ్చే మంచి అంతా దానికి కొట్టుకొని ఆన్నే నిలబడిపోదా? అది కీడు కాదా?"

నా పూసలదండ కళ్ళముందు తెగిపోయింది. ఆ ఇళ్ళన్నిటికీ వాకిలి మధ్యలోనే ఉంది. ఇంటికి మధ్యలో చెట్టు అంటే ప్రతి గడపకూ ఎదురుగా చెట్టే.

"మరి మీటింగులో ఎవరూ ఆ మాట అనలేదేం అవ్వా?"

"నువ్వు ఏ చెట్టు కావాలని అడిగినావు. యాడ కావాలని అడిగినావా?" కాయలు చేటలో వేసింది. "అడిగినా చెప్తారా? నా వాకిలి ముందర వద్దంటే, పక్కోడి వాకిలి ముందర పెట్టమని నలుగుర్లో చెప్పినట్టు కాదా? మొగం మొగం చూసుకునేవాళ్ళు అట్లంటారా? అందుకే ఎవరికి వాళ్ళు గమ్మున జరుపుకున్నారు."

ఎగువకు ఎందుకు జరపలేదని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఎగువన ఉన్నది రెడ్డి ఇల్లు.

కాస్త అర్థమైంది. కానీ అర్థమైన కొద్దీ ఇంకో చిక్కు కనిపించింది. ఇంటింటినీ దాటుకుంటూ దిగువకు పోయిన గుంతలు చివరికి ఎక్కడ ఆగినట్టు? కొన్ని మధ్యలోనే పూడిపోయాయి. మూడు మాత్రం వీధి చివరిదాకా పోయాయి. ప్లాట్లు అయిపోయాక, తుమ్మ పొదలు దాటి ఒక్క ఇల్లుంది. అది లేఅవుట్‌లో లేదు. లేఅవుట్ అంటే ఆఫీసు ఆమోదించిన ప్లాట్ల పటం. అందుకే నా ప్లాన్‌లోనూ ఆ ఇల్లు లేదు, దానికి మొక్కా లేదు. ఆ మూడు గుంతలూ ఆ ఇంటి ముందే, దాని గుమ్మానికి అడ్డంగా ఉన్నాయి.

ఆ ఇల్లు రత్నమ్మది. క్రైస్తవులు. ఆమె కూలికి పోయేది. భర్త దేవసహాయం రాళ్ళ క్వారీలో ఏళ్ళ తరబడి బండలు కొట్టినవాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి మంచాన పడ్డాడు. మా మీటింగు జరిగిన ఆదివారం పొద్దున ఇద్దరూ చర్చికి పోయారు. ఆయన్ను ఆమె పట్టుకుని నడిపించుకుంటూ పోయిందట. వీధి మొత్తం వచ్చిందని నేను రిపోర్టులో రాసిన మీటింగు అది.

వీధివాళ్ళంతా తమకు వద్దనుకున్న కీడును పోగేసి ఆ ఇంటి ముందు పెట్టారు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా అనుకున్నాను. ఇద్దరు కూలీలను తీసుకుని, ఆమెకు క్షమాపణ చెప్పి ఆ గుంతలు పూడ్పిద్దామని బయలుదేరాను. వెళ్ళి చూస్తే రత్నమ్మ తట్టతో చెరువు మట్టి తెచ్చి గుంత పక్కన పోస్తోంది. అప్పటికే అక్కడ గొర్రెల ఎరువు కుప్ప ఉంది. మేం గడ్డపారలతో రావడం చూసి తట్ట కింద పెట్టి గుంతకు అడ్డంగా నిలబడింది.

"పూడ్చొద్దన్నా," అంది.

దేవసహాయం గోడకు చేరగిలబడి మంచం మీద ఉన్నాడు. ఇంటికి బండల కప్పు. మధ్యాహ్నానికి లోపల పెనంలా ఉంటుంది, ఆయనకు ఊపిరాడదు. బయట పడుకుంటే పడమటి ఎండ. ఆమె చీర ఒకటి కర్రలకు కట్టి ఆయన మొహం మీద నీడ పడేలా చేసింది. గాలికి అది ఎగిరిపోతుంటే ఆయన ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

ఆమెకు సంగతి తెలియదేమో, చెప్పాలా వద్దా అని తటపటాయించాను. తెలిసి ఒప్పుకుంటే ఒక మాట, తెలియకుండా మోసపోతే ఇంకో మాట. చివరికి మెల్లగా, ఇవి ఇక్కడికి ఎందుకొచ్చాయో తెలుసా అన్నాను.

"తెలుసు. నాగలక్షుమ్మ ఇంట్లో కసువు ఊడ్చేది నేనే కదా," అంది. "మా వాకిలికి ఎండ కంటే పెద్ద అడ్డం ఏముండాది? చెట్టు అడ్డం పడితే పడనీ. మాకిది కావాలన్నామని నువ్వు మాత్రం ఎవరికీ చెప్పాకు."

కానుగ నీడ ఇవ్వాలంటే కొన్నేళ్ళు పడుతుందని చెప్పాను. చెబుతూ మంచం వైపు చూడకుండా ఉండలేకపోయాను. నా చూపు దేవసహాయం గమనించాడు. దగ్గి, ఊపిరి కూడదీసుకుని, "ముందు నాటు సారూ. ఉండేదీ లేందీ నేను చూసుకుంటా," అన్నాడు.

కూలీలను తీసుకుని తిరిగి వచ్చేశాను. అన్యాయం అనుకుని వెళ్ళినవాణ్ణి. పోగొట్టుకున్నదెవరో దక్కించుకున్నదెవరో తేల్చుకోలేక వచ్చాను. పైగా వీధివాళ్ళను మళ్ళీ పిలిచి అడగక తప్పదు. మొక్కలు లెక్క ప్రకారం ప్లాన్‌లో ఉన్న ఇళ్ళవి. ఆమె ఇల్లు ప్లాన్‌లో లేదు.

రెండో మీటింగు సాయంత్రం పెట్టాను, ఆడవాళ్ళూ కూలి పని నుంచి వచ్చినవాళ్ళూ ఉండేలా. రత్నమ్మ కూడా వచ్చి దూరంగా ఒక ఇంటి చూరు కింద నిలబడింది. ఈసారి నేనేమీ చెప్పలేదు. ఇంటికొక గులకరాయి ఇచ్చి, గుంత ఎక్కడ కావాలో అక్కడ పెట్టమన్నాను, అందరూ ఒక్కసారిగా. ఎవరూ ఎవరికీ వద్దని చెప్పాల్సిన పని లేకుండా. రాళ్ళన్నీ రెండిళ్ళ మధ్య గోడ కలిసే చోటికి వచ్చాయి. ఏ వాకిలికీ ఎదురు కాని చోటు అదొక్కటే. అలైన్‌మెంట్ పోయింది, ఎడాలు కలవలేదు, కానీ ఎవరూ నసగలేదు.

అప్పుడు చిన్నపరెడ్డి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఇక ఆ చివర మూడు గుంతల మొక్కలు కూడా ఇటు తెప్పించు, లెక్క సరిపోతాది అన్నాడు. న్యాయంగా ఆ మాట సరైనదే. నేనూ అదే అనాలి. ప్లాన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. దానిలో చివరి ఇంటి తర్వాత ఖాళీ కాగితమే.

రత్నమ్మ చూరు కింద నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. గొంతు పెంచలేదు.

"రెడ్డెన్నా, నేను అడిగి తెచ్చుకోలేదు. కీడనే కదా ఒకరి వాకిట్లోంచి ఒకరు నెట్టుకుంటా మా వాకిట్లోకి తెచ్చి పెట్టినారు. మేమేమన్నా అంటిమా? ఇప్పుడు మళ్ళీ తీసుకుపోతామంటాండారు. తీసుకుపోండి. దాని ఎంబడి ఏమేమి వస్తాదో అదీ మీ ఇండ్లకే వస్తాది."

అందరూ చేసిన పనే. కానీ అందరూ కలిసి ఉన్నచోట ఎవరూ ఆ మాట అనలేదు అంతదాకా. ఒకాయన తాను పెట్టిన రాయి వైపు చూశాడు. ఇంకొకాయన దగ్గాడు.

నాగలక్షుమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "దిష్టి తీసి పారేసింది ఎవరన్నా మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుంటారా రెడ్డీ? ఆ మూడూ ఆన్నే ఉండనీ," అంది.

"ఉండనీలే," అన్నాడు చిన్నపరెడ్డి. "మా ఇంటి మొక్క నాకొద్దు."

ఆ మాట విని ఇంకో ఇద్దరు తమ రాళ్ళు తీసి జేబులో వేసుకున్నారు. లెక్క సరిపోయింది. రత్నమ్మ తల దించుకుని వెళ్ళిపోయింది. పోతూ పోతూ ఆమె మొహం మీద నవ్వు కనిపించిందని మా కూలీ ఒకడు అన్నాడు. నేను చూడలేదు.

ఆఫీసుకు పోయాక ప్లాన్ మీద చివరి ఇంటి తర్వాత ఖాళీలో ఒక ఇల్లు గీశాను. దాని ముందు మూడు చుక్కలు పెట్టాను. ఆఫీసరు ఇదేమిటయ్యా గుంపుగా అన్నారు. జనం కోరిక అన్నాను. నీ పుస్తకంలో ఉందా అన్నారు. లేదు సార్ అన్నాను. సంతకం చేశారు.

ఉత్తర కార్తె ఆఖర్లో వాన పడింది. మొక్కలు నాటాం. గోడలు కలిసేచోట నాటిన మొక్కలకు కొత్త చిక్కు వచ్చింది. రెండిళ్ళ మధ్య ఉన్నది ఎవరిదన్నట్టు? పక్కవాళ్ళు పోస్తారులే అని ఇద్దరూ నీళ్ళు పోయని మొక్కలు కొన్ని ఎండిపోయాయి. ఇద్దరూ పోటీపడి పోసినవి కొన్ని లేచాయి. ఏ ఇంటివాళ్ళు ఏ జట్టులో చేరతారో ముందుగా చెప్పడం నాకు ఎన్నడూ చేతకాలేదు. రత్నమ్మ ఇంటి ముందు మూడూ లేచాయి. అంట్లు తోమిన నీళ్ళన్నీ వాటికే.

మూడో ఎండాకాలానికి ఆ మూడు కానుగలూ ఒక మనిషికి సరిపడా నీడ పరిచాయి. దేవసహాయం బతికే ఉన్నాడు. నీడ జరిగినకొద్దీ రత్నమ్మ మంచం జరిపేది. ఆ మరుసటి ఏడు నేను వెళ్ళేసరికి మంచం ఖాళీగా, నిలబెట్టి గోడకు ఆనించి ఉంది. దాని చోట నాగలక్షుమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ చాపలు పరుచుకుని కూర్చుని ఉన్నారు. వీధిలో మధ్యాహ్నం కూర్చోగలిగిన చోటు అదొక్కటే. చిన్నపరెడ్డి కూడా రత్నమ్మ గుమ్మానికి ఎదురుగా, చెట్టు మొదట్లో తువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నాడు.

కీడు సంగతేమిటి అవ్వా అని నాగలక్షుమ్మను అడిగాను. అది వాకిలి ఎవరిదైతే వాళ్ళకు, కూర్చున్నవాళ్ళకు కాదు అంది. రత్నమ్మ వింటూనే ఉంది. ఆమె భర్త పోయి అప్పటికి ఎన్నో నాళ్ళు కాలేదు. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి నాకిచ్చి, "చెట్టు లేకపోయింటే ఆయన ఇంకా ముందే పోయుండేవాడన్నా," అంది. అది నాగలక్షుమ్మకు చెప్పిన జవాబో, నాకు చెప్పిందో, తనకు తాను చెప్పుకున్నదో తెలియదు.

ఆనాటి మీటింగులో వీధి మెత్తబడింది సిగ్గుతోనా భయంతోనా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు. రత్నమ్మ ఆ మాట నమ్మి అందో, వాళ్ళు నమ్ముతారని అందో కూడా తేలలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో వీధులకు ప్లాన్లు గీశాను. గ్రంథాలయంలో ఇంకా లావు పుస్తకాలు చదివాను. ఏ చెట్టు అని అడిగే ముందు ఎక్కడ అని అడగడం ఆ వీధే నేర్పింది. ఇంకొకటి కూడా నేర్పింది. కొత్త వీధిలో అడుగుపెట్టగానే మెంబరు ఇంటికి పోకుండా, పటంలో ఎక్కడ గీత ఆగిపోయిందో అక్కడికి పోయి, ఆ అవతల ఎవరైనా ఉన్నారేమో చూసి, అడగడం అక్కణ్ణుంచి మొదలుపెట్టేవాణ్ణి.